కస్టడీ, పిల్లల భరణం ఆర్డర్ మార్పించిన లాయరమ్మ సర్వీసు: ఐదుకి మూడున్నర

విడాకులు ఇప్పించే లాయర్లు కోర్టు గేటు దగ్గరే దొరుకుతారు. విడాకులైన కొన్నేళ్ళకి ఆ ఆర్డర్‌లో పిల్లల గురించి రాసిన రెండు పేరాలు మార్పించాలంటే మాత్రం ఎవర్ని పట్టుకోవాలో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆ పని చేయించుకుని బయటపడ్డాను కాబట్టి రాస్తున్నా. లాయరమ్మ పేరు పెట్టట్లేదు, మెచ్చుకునేవీ ఉన్నాయి, ఒళ్ళు మండించినవీ ఉన్నాయి, పైగా లాయర్లు తమ గురించి ప్రచారం చేయించుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఒకటుంది. పేరు లేకపోయినా మీ ఊళ్ళో లాయర్‌ని చూసుకునేటప్పుడు ఏం గమనించాలో తెలుస్తుంది.

మాది మ్యూచువల్ డైవోర్స్. అప్పటికి బాబు యూకేజీ. కస్టడీ నాకు, రెండో శనివారం, నాలుగో శనివారం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా వాళ్ళ నాన్న దగ్గర, బాబు ఖర్చులకి నెలకి 7,000. ఇప్పుడు వాడు ఏడో తరగతి. నాకేమో రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేనంత దూరానికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అక్కడి నుంచి నెలకి రెండుసార్లు పది గంటలకల్లా పిల్లాణ్ణి తెచ్చి అప్పగించడం అయ్యే పని కాదు, ఆ 7,000 స్కూలు బస్సు, ట్యూషన్ కలిపితేనే అయిపోతుంది. అంటే రోజులూ మారాలి, డబ్బూ మారాలి.

ఈవిడ కంటే ముందు ఇద్దర్ని అడిగాను. ఒకాయన "మ్యూచువల్‌లో సంతకం పెట్టేశాక ఇంక కదిలించలేమమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. రెండో ఆయన ఫుల్ జోష్‌లో హైకోర్టులో అప్పీల్ వేద్దామన్నాడు. రెండూ తప్పే. ఫ్యామిలీ కోర్ట్స్ యాక్ట్ 1984లో సెక్షన్ 19 ప్రకారం ఇద్దరి ఒప్పుదలతో వచ్చిన ఆర్డర్ మీద అసలు అప్పీలే లేదు, మామూలు ఆర్డర్ల మీదైనా గడువు 30 రోజులు, నాకు ఏళ్ళు దాటిపోయాయి. అలాగని దారి మూసుకుపోలేదు. హిందూ మ్యారేజ్ యాక్ట్ సెక్షన్ 26లో పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించి ఇచ్చిన ఆర్డర్లని డిక్రీ (అంటే విడాకుల తీర్పు) తర్వాత కూడా కోర్టు ఎప్పటికప్పుడు మార్చొచ్చు, రద్దు చేయొచ్చు అని నేరుగానే ఉంది. కస్టడీ ఆర్డర్ అంటే రాతి మీద గీత కాదని సుప్రీంకోర్టు 1973లోనే రోజీ జాకబ్ కేసులో చెప్పింది. 2010లో విక్రమ్ వీర్ వోహ్రా కేసులో అయితే మ్యూచువల్‌లో రాసుకున్న షరతుల్నే, తల్లి ఉద్యోగం కోసం ఆస్ట్రేలియా వెళ్తుంటే, బాబు మేలు చూసి మార్చడానికి ఒప్పుకుంది. ఇదంతా నాకు చెప్పింది లాయరమ్మే, మిగతా ఇద్దరికీ తెలియదనుకోవాలా, తెలిసీ చెప్పలేదనుకోవాలా, ఆ మాట మీకే వదిలేస్తున్నా.

ఇంక అసలు సర్వీసు సంగతి.

మొదటి రోజు వెళ్ళగానే అందరి దగ్గరా చెప్పినట్టే అత్తగారి దగ్గర నుంచి మొదలెట్టాను. లాయరమ్మ చెయ్యి అడ్డం పెట్టి "అవన్నీ డిక్రీతో అయిపోయాయమ్మా, ఆర్డర్ వచ్చిన రోజుకీ ఇవాళ్టికీ ఏం మారిందో అది చెప్పండి" అన్నారు. కాస్త చివుక్కుమంది, కానీ ఆ ఒక్క ప్రశ్నకే నేను ఒక స్టార్ ఇస్తా. ఒక తెల్లకాగితం తీసి మధ్యలో నిలువు గీత కొట్టి, ఎడమవైపు అప్పుడు, కుడివైపు ఇప్పుడు అని రాసుకున్నారు. తరగతి, స్కూలు ఫీజు, ఇంటి అద్దె, నా జీతం, ఆయన జీతం, ఎవరు ఎక్కడ ఉంటున్నారు, బాబుకి ఆస్తమా ఎప్పటి నుంచి, ఇన్‌హేలర్ ఖర్చెంత, ఇలా రెండువైపులా నింపుకుంటూ పోయారు. కాగితం రుజువు లేని ప్రతిదాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ఆయన జీతం బాగా పెరిగిందన్నాను, సున్నా. బాబుకి అక్కడికి వెళ్ళడం ఇష్టం లేదన్నాను, రెండు సున్నాలు చుట్టి "ఇష్టం లేదన్నది మీ మాటా, వాడి మాటా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన పని కూడా అదే: సున్నాల్లో ఎన్ని చెరిపేయగలనో చూసుకుని రమ్మన్నారు. పాత ఆర్డర్ ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకోలేదు, కోర్టు ముద్ర వేసి ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కావాల్సిందే.

మీరు కలిసిన లాయర్ ఈ మార్పు సంగతి అడక్కుండా పెళ్ళెలా జరిగింది, కట్నమెంత, ఎవరు ఎవర్ని ఏమన్నారు అని గంటసేపు వింటుంటే మీకు మనసు తేలికపడొచ్చు గానీ కేసు ఒక్క అంగుళం కదలదు. కోర్టు చూసేది పరిస్థితులు మారాయా, మారితే ఆ మార్పుకి తగ్గట్టు పిల్లాడికి ఏది మేలు, అంతే.

ఏ చట్టం కింద వెళ్ళాలన్న దగ్గర కూడా ఈవిడ స్పష్టంగా ఉన్నారు. హిందూ మ్యారేజ్ యాక్ట్ డిక్రీ అయితే సెక్షన్ 26, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ అయితే సెక్షన్ 38. భరణం ఆర్డర్ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125 కింద వచ్చి ఉంటే మార్పుకి 127 ఉండేది, 2024 జులై 1 నుంచి దాని బదులు బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టం వచ్చాక ఆ రెండూ 144, 146 అయ్యాయి. గృహ హింస చట్టం కింద వచ్చిన ఆర్డర్‌కి అదే చట్టంలో 25(2) ఉంది. గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ 1890 కింద వేయాలంటే బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటున్నాడో ఆ ఊరి కోర్టుకి వెళ్ళాలి. మా వెయిటింగ్ బెంచీ మీద కూర్చున్న ఒకావిడకి వేరే లాయర్ మొత్తం కొత్త కేసుగా ఫైల్ చేసి పెట్టాడట, ఏడాది పైన నడిచాక పాత కోర్టుకే వెళ్ళమన్నారట.

విడాకుల కేసు ఇంకా నడుస్తున్నవాళ్ళకి ఒక మాట, మధ్యలో వచ్చిన ఇంటరిమ్ ఆర్డర్‌ని కూడా మళ్ళీ ఒక ఐఏ (అదే కేసులో పెట్టే మధ్యంతర అర్జీ) వేసి మార్చమని అడగొచ్చు, అక్కడా అదే ప్రశ్న, ఏం మారింది అని. పిల్లల పోషణ, చదువు ఖర్చుల అర్జీని అవతలి వాళ్ళకి నోటీసు అందిన దగ్గర నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని సెక్షన్ 26లోనే ఉంది. వీలైనంతవరకు అన్న మాట ఎంత సాగుతుందో కోర్టు మెట్లెక్కిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఆవిడ చేసిన మంచి పనుల్లో నాకు బాగా కలిసొచ్చింది, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికి రాగానే, సామాను సర్దకముందే పిటిషన్ వేయించడం. చెప్పకుండా వెళ్ళిపోయి ఆనక కోర్టుకెళ్తే పిల్లాణ్ణి తండ్రికి దూరం చేయడానికే వెళ్ళిందని అవతలి లాయర్ మొదలెడతాడు, అప్పుడు మనం మార్పు అడగడం పోయి సంజాయిషీ చెప్పుకోవడం మిగులుతుంది అన్నారు. పిటిషన్‌లోనే కొత్త ఊళ్ళో స్కూలు అడ్మిషన్, మేము ఉండబోయే ఇంటి అడ్రస్, తండ్రితో ఎప్పుడెప్పుడు ఎలా కలిపిస్తామో అన్నీ రాశారు. శనివారాలు తీసేయమని అడగలేదు, వాటి బదులు నెలకోసారి రెండు రోజులు, వేసవి సెలవుల్లో సగం, దసరా సంక్రాంతి ఏడాది మార్చి ఏడాది, వారంలో మూడు వీడియో కాల్స్ అని ఇచ్చారు. నాకైతే అంత ఎందుకివ్వాలి అనిపించింది. నేరుగా కలవలేనప్పుడు ఫోన్లోనైనా మాట్లాడే హక్కు పిల్లలకీ తల్లిదండ్రులకీ ఉండాలని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మనంతట మనమే రాస్తే జడ్జి గారికి మన మీద గురి కుదురుతుంది అన్నారు. కుదిరింది కూడా.

డబ్బు దగ్గరికొస్తే, 2020 నవంబర్‌లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు వచ్చిన దగ్గర నుంచి ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు, నెల ఖర్చులు అన్నీ చూపిస్తూ అఫిడవిట్ వేయాలి. వ్యవసాయం చేసేవాళ్ళకి ఫారం వేరే ఉంటుంది. మా ఆయనకి, అంటే మాజీ ఆయనకి, జీతంతో పాటు ఊళ్ళో పొలం కౌలు వస్తుంది, ఆ కౌలు సంగతి రాయకపోతే ఈవిడే పట్టుకున్నారు. నా అఫిడవిట్ కూడా అంతే కర్కశంగా రాయించారు, నా జీతం స్లిప్పు, మా నాన్న నాకు నెలనెలా పంపే డబ్బులతో సహా. అది ఎందుకండీ అంటే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వాళ్ళు చూసి అడిగేకంటే మనమే రాయడం మేలు అన్నారు. బాబు ఖర్చుల లెక్క మాత్రం చూడముచ్చటగా చేశారు, ఫీజు రసీదులు, బస్సు, పుస్తకాలు, యూనిఫారం, మందులు, ఏడాదికి కలిపి పన్నెండుతో భాగించి నెలకి ఇంత అని. నోటి లెక్కలతో ఎక్కువ అడిగేకంటే రసీదులున్నంత అడగడం మంచిదని ఆవిడ పద్ధతి.

ఆయన ఊరుకోలేదు. కౌంటర్‌లో, అంటే మా పిటిషన్‌కి ఇచ్చిన జవాబులో, మళ్ళీ పెళ్ళైంది, హోమ్ లోన్ ఈఎంఐ ఉంది, 7,000 కూడా తగ్గించాలి, తల్లి ఊరు మారుతోంది కాబట్టి కస్టడీ నాకే ఇవ్వాలి అని రాశారు. పైగా పిటిషన్ నంబర్ పడగానే నెలనెలా వేసే డబ్బు ఆపేశారు. ఇది ఇరువైపుల వాళ్ళూ తెలుసుకోవాల్సిన విషయం: మార్చమని అర్జీ పెట్టినంత మాత్రాన పాత ఆర్డర్ ఆగిపోదు, కొత్తది వచ్చేదాకా పాతదే నడుస్తుంది, కట్టనిది బకాయిగా పేరుకుంటుంది. ఉద్యోగం పోయిన తండ్రైనా సరే, కట్టడం ఆపేసి కూర్చోకుండా తగ్గించమని వెంటనే అర్జీ వేసుకోవాలి. బకాయిలు రాబట్టే వాళ్ళు కూడా నిద్రపోకూడదు, 125 లేదా ఇప్పటి 144 కింద ఆర్డరైతే బాకీ పడిన ఏడాదిలోపు అర్జీ వేస్తేనే వారెంట్ వస్తుంది. మాది డిక్రీ కాబట్టి దాన్ని అమలు చేయించే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేద్దామన్నారు లాయరమ్మ, ఆ మాట వినగానే ఆయన లాయరే కట్టించేశాడు.

బాబుని జడ్జి గారు ఛాంబర్‌లో ఒంటరిగా పిలిచి మాట్లాడారు. నాకు ముందు రోజు రాత్రంతా టెన్షన్. లాయరమ్మ చెప్పింది ఒకటే, "ఏమీ నేర్పకండి, నేర్పినట్టు తెలిసిపోతుంది, రాత్రి త్వరగా పడుకోబెట్టండి." లోపల ఏం మాట్లాడాడో నేను అడగలేదు, వాడే బయటికొచ్చి జడ్జి గారి టేబుల్ మీద పెన్నుల స్టాండు ఎంత పెద్దదో చెప్పాడు. బిడ్డ సొంతంగా ఆలోచించి చెప్పగల వయసులో ఉంటే వాడి ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని చట్టంలో ఉంది, అంతేగాని వాడు చెప్పిందే ఫైనల్ కాదు. అలాగే ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే అన్న రూల్‌ని పట్టుకుని పెద్ద పిల్లల విషయంలో ధీమాగా ఉండేవాళ్ళుంటారు, ఏడో తరగతి పిల్లాడికి అది వర్తించదు.

చివరికి కోర్టు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ మాటలకి, పంపితే అక్కడే తేలింది. నేను 22,000 అడిగాను, 15,000కి కుదిరింది, ప్రతి జూన్‌లో ఐదు శాతం పెంపు, పెద్ద జబ్బు ఖర్చులు చెరిసగం. రోజుల విషయంలో దాదాపు మేము రాసిందే వచ్చింది, దసరా ఒక్కటి పూర్తిగా ఆయనకి వెళ్ళింది. పెంపు షరతు ఈవిడ పట్టుబట్టి పెట్టించారు, లేకపోతే నాలుగేళ్ళకి మళ్ళీ ఇదే మెట్లు ఎక్కాలి. పాత ఆర్డర్ రాసిన లాయర్‌కి ఆ ఆలోచనే రాలేదు.

ఇప్పుడు కోసేసిన ఒకటిన్నర స్టార్ లెక్క.

ఫోన్ ఎత్తరు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. కౌంటర్ వచ్చిన రోజు నేను సెలవు పెట్టి రాత్రి ప్రయాణం చేసి వస్తే ఈవిడ వేరే కోర్టులో ఉన్నారు, జూనియర్ అబ్బాయి వచ్చాడు, మంచివాడే పాపం, కానీ ఫైలు తెరిచి చూడకుండా వచ్చాడు, వాయిదా అడిగాడు, ఇచ్చేశారు, నా సెలవు గంగపాలు. మొదటి డ్రాఫ్ట్‌లో బాబు ఒక పేరాలో అమ్మాయి అయిపోయాడు, వేరే కేసు నుంచి కాపీ కొట్టిన పేరా అని చూడగానే తెలిసిపోతోంది. ఇంగ్లీషు డ్రాఫ్ట్ కదా, మనకెందుకులే అని సంతకం పెట్టేవాళ్ళు దయచేసి ప్రతి లైనూ చదవండి, రాకపోతే తెలుగులో చదివి వినిపించమనండి. అడిగితే ఈవిడ వినిపించారు, అడగకపోతే వినిపించేవాళ్ళని అనుకోను.

ఫీజు 45,000, మూడు విడతలు: ఫైలింగప్పుడు, కౌంటర్ తర్వాత, చివర్లో. ముందే చెప్పారు, మధ్యలో పెంచలేదు, అది మెచ్చుకోవాలి. రసీదు మాత్రం ఒక్కసారి కూడా ఇవ్వలేదు, గుమాస్తాగారు డైరీలో రాసుకోవడమే రసీదు. నేను యూపీఐలోనే పంపాను. మీరు కూడా అలాగే పంపండి, ఎందుకంటే లాయర్ సేవ బాగాలేదని వినియోగదారుల ఫోరంకి వెళ్ళే దారి లేదు, వకీళ్ళ సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. దుష్ప్రవర్తన అయితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఫోన్ ఎత్తకపోవడం దుష్ప్రవర్తన కిందికి వస్తుందా అంటే నవ్వొస్తుంది. అన్నట్టు, వచ్చిన బకాయిల్లో నాకు పది శాతం ఇవ్వండి అని ఎవరైనా లాయర్ అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, గెలిచినదాంట్లో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్‌కి విరుద్ధం.

ఆ 45,000 కూడా కష్టమైతే, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, లీగల్ సర్వీసెస్ అథారిటీ వాళ్ళది, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. నేను వాడలేదు కాబట్టి దానికి స్టార్లు ఇవ్వను. ఫ్యామిలీ కోర్టులో చట్టం ప్రకారం లాయర్ హక్కుగా రాడు, కోర్టు అనుమతితోనే వస్తాడు, అంటే సొంతంగా వాదించుకోవచ్చు, నిజానికి అక్కడున్న చాలామందికి ఆ సంగతే తెలియదు. నాలాగా అవతలి వైపు లాయర్ పెట్టుకుని, కస్టడీ కూడా అడుగుతుంటే మాత్రం ఒంటరిగా వెళ్ళమని నేను చెప్పను.

వాయిదాల కోసం ఈవిడ ఆఫీసు మీద ఆధారపడొద్దు. ఈకోర్ట్స్ యాప్‌లో మన కేసు పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ కొట్టి సేవ్ చేసుకుంటే తర్వాతి తేదీ, ముందు రోజు ఏం జరిగిందో కనిపిస్తుంది. వాయిదా తేదీ మారిన సంగతి నేనే జూనియర్‌కి చెప్పిన సందర్భం కూడా ఉంది.

ఎవరు వెళ్ళొచ్చంటే, ఊరు మారడం, జీతాలు మారడం, పిల్లల ఖర్చు పెరగడం, జబ్బు, ఇలా చూపించగలిగే మార్పు చేతిలో ఉన్నవాళ్ళకి ఈ లాయరమ్మ లాంటివాళ్ళు బంగారం. తండ్రులకి కూడా, ఆవిడ దగ్గర సగం మంది తండ్రులే. అవతలి మనిషికి బుద్ధి చెప్పాలన్న కసితో వెళ్తే మొదటి పది నిమిషాల్లోనే ఇద్దరికీ పడదు. రోజుకో అప్‌డేట్ లేకపోతే నిద్ర పట్టని వాళ్ళు కూడా వేరే ఎవర్నైనా చూసుకోండి.

కోర్టు రోజుల్లో సాయంత్రం ఏడు దాటాక వెళ్తేనే ఆవిడ దొరుకుతారు, సర్టిఫైడ్ కాపీ లేకుండా వెళ్తే గుమాస్తాగారు మంచినీళ్ళు ఇచ్చి మరీ వెనక్కి పంపేస్తారు.